నీలి సూర్యుడు

తాండూరు స్టేషన్ బజారులో అద్దాలకు వెండి పూత వేసే ఇస్మాయిల్‌కు ఒకటే పిచ్చి. పూసిన ప్రతి అద్దాన్నీ ఎండకు ఎత్తి, ఆ పూతలోంచి సూర్యుణ్ణి చూస్తాడు. పూత పల్చనైతే సూర్యుడు నీలంగా కనబడతాడు. కనబడ్డాడా, ఆ అద్దం పని అయిపోయినట్టే. పూతంతా కడిగేసి మళ్ళీ మొదలుపెడతాడు. వెంట్రుకలో వెయ్యో వంతు మందం లేని ఆ పొర కోసం ఆయన పడే తంటా ఊళ్లో అందరికీ నవ్వులాటే.

పెళ్లికని అద్దం చేయమని చెప్పిన కొడంగల్ పిల్లగాడొకడు, కొడుకు పుట్టాక వచ్చి తీసుకెళ్లాడు.

"నన్ను చేసుకునేటప్పుడు గూడ గిట్లనే ఎండకు ఎత్తి చూసినవా?" అనేది భార్య జుబేదా.

"చూసిన. సూర్యుడు కనబడలే," అనేవాడు. జుబేదా కాస్త లావు మనిషి.

డెబ్భై నాలుగులో వాన పట్టి వదల్లేదు. నాపరాళ్లు నున్నగా చేసే మత్తయ్య ఒక చేతి అద్దం చెప్పి నెల దాటింది. ఇస్మాయిల్ మూడుసార్లు పూశాడు, మూడుసార్లు కడిగాడు. నాలుగోసారి పూశాక ఎనిమిది రోజులు ముసురు.

"సూర్యుడు రానియ్యి మత్తయ్యా."

"నీ సూర్యుడు పాడుగాను! అద్దం ఎవరికనుకున్నవ్ భాయ్? మార్తకు."

మత్తయ్య భార్య మార్త నాలుగు నెలలుగా వికారాబాద్ గుట్ట మీది క్షయ ఆసుపత్రిలో ఉంది. వారం కింద స్టీలు పళ్లెంలో తన ముఖం చూసుకుని దాన్ని పక్కకు తోసేసింది. అప్పటినుంచి మెతుకు ముట్టడం లేదు. గోడవైపే తిరిగి పడుకుంటోంది.

"పళ్లెం వంకర చూపిస్తదే, నీకని చెప్పిన మంచి అద్దం తెస్తనని మాటిచ్చిన," అన్నాడు మత్తయ్య.

"ఆమె మొఖం ఎట్లున్నది? నిజం చెప్పు."

"బూడిద లెక్క," అంటూనే ఏడ్చేశాడు.

ఇస్మాయిల్ అద్దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "రేపు రా," అన్నాడు.

మర్నాడు కాగితంలో చుట్టిన అద్దం చేతిలో పెట్టాడు. మత్తయ్య రైలెక్కాక విప్పి చూసుకున్నాడు. ఎప్పుడూ రాతిదుమ్ముతో తెల్లగా ఉండే తన ముఖం కల్లు తాగినట్టు ఎర్రగా ఉంది! పూత ఎంత పల్చనంటే, పూత చెరగకుండా వెనక వేసే ఎర్ర సిందూరం రంగు ముందుకు కనబడుతోంది. లోకానికంతా కడిగి కడిగి ఇచ్చేవాడు తనకు మాత్రం ఈ చెత్త అంటగట్టాడని మత్తయ్యకు ఒళ్లు మండింది. కానీ రైలు అప్పటికే కదిలింది.

ఆసుపత్రిలో మార్త భయం భయంగా అద్దంలోకి చూసింది. చెంపలు తడుముకుంది. మళ్లీ చూసింది.

"నా ఒంట్ల ఇంకా గింత రక్తమున్నదా?" అంది. "ఆ పళ్లెం ఎంత అబద్ధం చెప్పిందయ్యా! జర అన్నం కలుపు."

మత్తయ్య ముద్ద కలుపుతూ, ఇస్మాయిల్‌ను తిట్టిన తిట్లన్నీ మనసులోనే వెనక్కి తీసుకున్నాడు.

క్రిస్మస్‌కు మార్త ఇంటికొచ్చింది. ఇద్దరూ దుకాణానికి వెళ్లేసరికి ఇస్మాయిల్ చెయ్యి చాపాడు.

"ఆ అద్దం ఇటియ్యి చెల్లె. ఎవరన్న చూస్తే నా ఇజ్జత్ పోతది."

పూత కడిగాడు. మళ్లీ పూశాడు. మూడుసార్లు ఎండకు ఎత్తాడు. నీలం చుక్కయినా లేదు. అప్పుడు వెనక రంగు వేసి ఇచ్చాడు.

మార్త చూసుకుంది. "అప్పుడు, ఇప్పుడు ఒక్క తీరే ఉన్నది గదన్నా. ఊకెనే తిప్పలపడ్డవ్," అంది.

ఇస్మాయిల్ అద్దాన్ని చూడలేదు. ఎండలో ఉన్న ఆమె ముఖాన్ని చూశాడు, పూత చూసినట్టే, ఒక కన్ను మూసి.

"మళ్ల కడగాల్నా భాయ్?" అన్నాడు మత్తయ్య.

"వద్దు," అన్నాడు ఇస్మాయిల్. "గట్టిగ పట్టింది."