మూడో అంతస్తు కిటికీలోంచి పొగ

అలెగ్జాండ్రియాలో మా పేట మొహర్రం బెక్. మా భవనం నడుమ నేల నుంచి పైకప్పు దాకా బావిలాంటి ఖాళీ ఉంది. దాన్ని మన్వర్ అంటాం. అన్ని వంటిళ్ల కిటికీలూ అందులోకే తెరుచుకుంటాయి. వెల్లుల్లి వేయించిన వాసనైనా, మొగుడూ పెళ్లాల పోట్లాటైనా, పొగైనా పైకే వస్తాయి. మాది అయిదో అంతస్తు. అందుకే మా అమ్మకూ నాకూ తెలియని సంగతి ఆ భవనంలో లేదు.

నాలుగో అంతస్తులో అవాతిఫ్ పిన్ని ఉండేది. భర్త తొందరగా పోతే, కర్టెన్లు కుట్టి కొడుకు హాజిమ్‌ని పెంచింది. మూడో అంతస్తులో నజ్లా, ఆమె భర్త ఫిక్రీ. ఆయన ట్రామ్ నడిపేవాడు. వాళ్లకు పిల్లల్లేరు.

మధ్యాహ్నం మూడు గంటలకు, గిన్నెలు తోమడం అయ్యాక, పైన ఒక అగ్గిపుల్ల గీసుకునేది, కింద ఒకటి. ఇరవై రెండేళ్లు అలాగే జరిగింది. అవాతిఫ్ పిన్ని కిందికి వంగితే నజ్లా పాపిట కనిపించేది. నజ్లా తలెత్తితే పిన్ని గడ్డం కనిపించేది.

"నీ బూడిదంతా నా పుదీనా కుండీలో పడుతోందక్కా!"

"పడనీవే, ఎరువవుతుంది."

ఇద్దరూ దొంగచాటుగానే తాగేవారు. ఫిక్రీ గారికి పొగంటే గిట్టదు. ఇంట్లో వాసనేమిటని అడిగితే, "పైనున్నావిడ తాగుతుంది, నన్నేం చెయ్యమంటారు?" అనేది నజ్లా. హాజిమ్ అడిగితే, "కింది నుంచి వస్తోందిరా" అనేది పిన్ని. రెండు అబద్ధాలూ మా కిటికీ దగ్గర కలుసుకునేవి. అమ్మా నేనూ నోరు మూసుకుని నవ్వుకునేవాళ్లం.

కిందటేడాది చలికాలంలో నజ్లాకు దగ్గు పట్టుకుంది. ఎండలు వచ్చేసరికి ఊపిరితిత్తుల్లో గడ్డ అని తేలింది. అవాతిఫ్ పిన్ని ఆసుపత్రికి వెళ్లింది. ముక్కుకు గొట్టం పెట్టుకుని పడుకున్న నజ్లా ఆమెను చూసి నవ్వింది.

"ఏంటక్కా ఆ మొహం? నేనింకా పోలేదు. ఏదీ, నీ చెయ్యి ఇలా ఇవ్వు."

పిన్ని చెయ్యి చాచింది. సిగరెట్ పట్టుకునే ఆ రెండు వేళ్లనూ నజ్లా ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని వాసన చూసింది. నాలుగో రోజున పోయింది.

ఆ తర్వాత పిన్ని చేతులు కడగడం మొదలుపెట్టింది. నిమ్మచెక్కతో, బట్టల సబ్బుతో, కడకు బ్లీచింగ్‌తో. వేళ్ల చర్మం ఊడి, గుడ్డ పట్టుకుంటే నెత్తురు అంటుకునేది. అయినా సిగరెట్ మానలేకపోయింది. తాగడం, కడగడం, మళ్లీ తాగడం. నజ్లా నలభయ్యో రోజు దినం వెళ్లాక ఆమెకే ఆయాసం వచ్చి డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన ఎక్స్‌రే దీపానికి ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూసి, "వెంటనే మానెయ్యండి" అన్నాడు.

హాజిమ్‌కి సెల్‌ఫోన్ల దుకాణం. ఆ సాయంత్రమే జేబులోంచి వేలెడంత గొట్టం ఒకటి తీశాడు.

"ఏంట్రా ఇది, పెన్నా?"

"ఎలక్ట్రానిక్ సిగరెట్ అమ్మా, మామిడిపండు రుచిది. నాకేం తెలియదనుకున్నావా ఇన్నాళ్లూ? ఊ, లాగు."

పిన్ని లాగింది. కళ్లలో నీళ్లు వచ్చేదాకా దగ్గింది.

"మామిడిపండుకు జలుబు చేసి నా నోట్లో తుమ్మినట్టుంది! నిప్పేదిరా దీనికి? బూడిదేది?"

"అవి లేకపోవడమే కదమ్మా దీని గొప్ప."

"మరి అయిపోయిందని ఎలా తెలుస్తుంది?"

సిగరెట్‌కైతే చివర ఉంటుంది. దీనికి లేదు. కుట్టుమిషన్ దగ్గర పిన్ని ప్రతి మడతకూ ఒకసారి లాగేది. అయినా మూడు గంటలకు కిటికీ దగ్గర అసలుది ఒకటి వెలిగేది.

నేను మందుల షాపులో పనిచేస్తాను. ఒకరోజు పిన్ని వచ్చి అడిగింది, ఇది మంచిదేనా అని.

"ఇది మందు కాదు పిన్నీ. పొగాకు కాల్చిన పొగకన్నా హాని తక్కువ, అసలు లేదని మాత్రం అనలేను. పూర్తిగా దీనికి మారితేనే ఏదైనా లాభం. అదీ ఇదీ రెండూ తాగితే ఏం మారినట్టు?"

"రెండూ తాగుతున్నానని నీకెవరు చెప్పారే?"

"మన్వర్ చెప్పింది."

పిన్ని నవ్వలేదు. ఆ రాత్రే ఉన్న పెట్టెలన్నీ చెత్తబుట్టలో పారేసింది.

సరిగ్గా తొమ్మిది రోజులు గడిచాయి. పదో రోజు మూడు గంటలకు, కిటికీ దగ్గర ఆ గొట్టం పట్టుకుని నిలబడి ఉండగా, కింది నుంచి పొగ వచ్చింది. మామిడిపండు ఆవిరి కాదు, పొగాకు పొగ. నజ్లా తాగే రకం. మూడో అంతస్తు కిటికీలోంచి సన్నగా లేచి, మెలి తిరుగుతూ ఆమె ముఖానికి తగిలింది. వెనకే ఒక దగ్గు. కాస్త ఆగి ఇంకొకటి.

ఫిక్రీ గారు సిగరెట్ ముట్టని మనిషి. ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు.

మర్నాడూ మూడుకే వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. నాలుగో రోజు ధైర్యం చేసి వంగి, "నజ్లా?" అని పిలిచింది. కింద ఏదో చప్పుడైంది. కిటికీ తలుపు మూసుకుంది.

అప్పటి నుంచి ఆమె తిండి తగ్గింది. రేడియోలో కురాన్ పెట్టి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కింది. మూడవగానే ఆ గుడ్డలు తనే పీకేసేది. మళ్లీ ఒక సిగరెట్ పెట్టె కొనుక్కుంది. అమ్మ నన్ను కిందికి పంపింది. వెళ్లేసరికి పిన్ని నేల మీద కూర్చుని ఉంది.

"నన్ను రమ్మంటోందే రబాబ్. దానికి అలవాటు చేసింది నేనేగా. మొదటి సిగరెట్ వెలిగించి బుట్టలో పెట్టి తాడుతో కిందికి దించింది ఈ చేతులే."

ఆ మాట ఆమె ఎవరికీ చెప్పి ఉండదు. పక్కన కూర్చున్నాను. మూడైంది. వాసన వచ్చింది. నాకూ వచ్చింది.

"లే పిన్నీ, పోయి చూద్దాం పద."

"నేను రాను."

"రాకపోతే నేనొక్కదాన్నే వెళ్తాను."

వచ్చింది. గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగింది. తలుపు తడితే చాలాసేపటికి ఫిక్రీ గారు తీశారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. దగ్గు ఆపుకుంటున్నారు. ఆయన వెనక వంటింటి కిటికీ గట్టు మీద సాసర్లో ఒక సిగరెట్ కాలుతోంది.

దొంగతనం చేస్తూ పట్టుబడిన వాడిలా తల దించుకున్నారు.

"లోపలికి రండి హాజిమ్ అమ్మగారూ. మీరు పిలిచిన రోజు పలకలేకపోయాను. సిగ్గేసింది."

ఆయన పప్పు కోసం వెతుకుతుంటే డబ్బా వెనక నజ్లా దాచిన ఏడు సిగరెట్ పెట్టెలు దొరికాయట. మొదట కోపం వచ్చిందట. పారేద్దామని ఒకటి విప్పితే ఇల్లంతా ఆమె వాసన వచ్చిందట.

"ఇరవై రెండేళ్లూ అది మీ ఇంటి వాసన అనుకున్నానండీ. అది నా భార్య వాసనే. రోజూ మూడింటికి ఒకటి వెలిగించి పెడతాను. ఆరకుండా ఒకటి రెండు దమ్ములు లాగుతాను. అంతే." అని మళ్లీ దగ్గారు. ఒకటి రెండు దమ్ముల దగ్గు కాదది.

అవాతిఫ్ పిన్ని కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి చెప్పేసింది.

"అన్నయ్యా, దానికి మొదటిది ఇచ్చింది నేను."

ఆయన కిటికీ వైపు తిరిగారు. తర్వాత, "ఎప్పుడు?" అన్నారు.

"కడుపు పోయిన రోజు. ఆసుపత్రి నుంచి వచ్చి ఈ కిటికీ దగ్గర ఏడుస్తోంది. ఎంత పిలిచినా ఆపలేదు. నా దగ్గర ఇంకేం లేదు అన్నయ్యా, అదొక్కటే ఉంది."

"ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను," అన్నారు ఫిక్రీ గారు. "సెలవు అడగొచ్చు. అడగలేదు. రాత్రి ఇంటికొచ్చేసరికి ఏడుపు ఆగిపోయి ఉంది. తేరుకుందనే అనుకున్నాను." సాసర్లో సిగరెట్ వైపు చూశారు. "మీరైనా ఏదో ఒకటి ఇచ్చారు."

పిన్ని అప్పుడు ఏడ్చింది. నజ్లా పోయినప్పుడు కూడా అంతలా ఏడవలేదు. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, నేరుగా వెళ్లి ఆ సిగరెట్‌ని కుళాయి కింద ఆర్పేసింది.

"మీరిది ఆపాలన్నయ్యా. ఇంకో దగ్గు నేను వినలేను."

ఆయన నాలుగున్నర పెట్టెలు తెచ్చి నా చేతిలో పెట్టారు. పిన్ని కూడా గౌను జేబులోంచి కొత్త పెట్టె తీసి వాటి మీద పెట్టింది. నేను అన్నీ నీళ్ల బకెట్లో నానబెట్టి పారేశాను. ఆయన వాటి వైపు చూడలేక లోపలికి వెళ్లిపోయారు.

ఆ రోజు నుంచి ఆమె సిగరెట్ వెలిగించలేదు. ఏడాదిలో ఆ గొట్టంలో పోసే ద్రవం ఘాటు రెండుసార్లు తగ్గించాం. పూర్తిగా మానడం మాత్రం ఇంకా చేతకాలేదు. డాక్టరు ప్రతిసారీ విసుక్కుంటాడు. ఫిక్రీ గారు రషీద్ ఊళ్లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారు. మూడో అంతస్తుకు తాళం పడింది.

మొన్న పిన్ని మా షాపుకు వచ్చింది. వేళ్ల మీద కొత్త చర్మం వచ్చింది. అడక్కుండానే చెప్పింది.

"ఇప్పటికీ మూడింటికి వాసన వస్తుందే."

ఖాళీ ఇల్లు, గోడలకు ఇరవై రెండేళ్ల పొగ పట్టి ఉంటుంది, పైగా సిగరెట్ మానినవాళ్లకు వాసనలు మళ్లీ బాగా తెలుస్తాయి అని వివరించాను. శ్రద్ధగా వింది.

"అయ్యుంటుంది," అంది. "మరి దగ్గు?"

నేను ఆమె మందులు కాగితంలో చుట్టి ఇచ్చాను. తీసుకుని, బయట ఎండలో ఒక్క క్షణం నిలబడి, ఇంటి వైపు నడిచింది. రెండు గంటల నలభై నిమిషాలైంది అప్పటికి.