శుద్ధప్రతిలో లేని తొమ్మిది ఉదయాలు

బెంగాలీ ప్రాంతమైన లిలువాలో రైల్వే కార్మికుల పిల్లలు చదివే ఒక బడిలో జీవశాస్త్రం బోధించేదాన్ని. ఉద్యోగ విరమణకు ముందటి నవంబరులో నన్ను విజ్ఞాన ప్రదర్శనకు మార్గదర్శక ఉపాధ్యాయినిగా నియమించారు. ఆ ఉత్తర్వు ప్రతి, ఆనాటి డైరీ ఇప్పటికీ నా దగ్గరున్నాయి. ఈ వివరాలు వాటిని చూసి రాస్తున్నవే.

మార్గదర్శక ఉపాధ్యాయుల పని విద్యార్థి చేత ప్రాజెక్టు చేయించడం, రికార్డు తనిఖీ చేసి చివరి పేజీలో సంతకం పెట్టడం. నా విద్యార్థిని సంధ్య తొమ్మిదో తరగతి. శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం. తండ్రి వర్క్‌షాపులో ఫిట్టరు. రైలు పట్టాల వెనక ఉన్న జీల్‌లో, అంటే వాననీరు నిలిచే పెద్ద మడుగులో, ఏయే ప్రాణులున్నాయో లెక్కించడం ఆమె ఎంచుకున్న అంశం. పద్ధతి నేనే నిర్ణయించాను: ఒకే చోటు, ప్రతి ఉదయం ఒకే అరగంట, నలభై రోజులు. కొంగలు, నీటికోళ్ళు, లకుముకి పిట్టలు, గట్టున నత్తలు. చూసినది అక్కడికక్కడే పెన్సిలుతో చిత్తుపుస్తకంలో రాసుకోవాలి. బడి చదువు బెంగాలీలోనే కనుక ఆ అమ్మాయి ఆ భాషలోనే రాసుకునేది. మంచు పడిన రోజు కూడా మానలేదు.

మా బడిలో ఒక ఆచారం ఉండేది. న్యాయనిర్ణేతల ముందుకు చిత్తుపుస్తకం వెళ్ళకూడదు. సిరాతో రాసిన శుద్ధప్రతి మాత్రమే వెళ్ళాలి. పట్టికలో ఖాళీ గడులు కనబడితే పని చేయలేదనుకుంటారని, ఏమీ కనబడని తొమ్మిది రోజులను వదిలేసి ఎక్కించమని సంధ్యకు చెప్పాను. ఆమె ఒకసారి సందేహించింది. వదిలేయమనే మళ్ళీ చెప్పాను.

జనవరిలో న్యూ టౌన్‌లో మూడు రోజుల ప్రదర్శన. మొదటి రోజు సాయంత్రం మార్కుల పత్రం సంతకానికి నా చేతికి వచ్చింది. వ్యాఖ్యల గడిలో ప్రధాన న్యాయనిర్ణేత, ఒక కళాశాల జంతుశాస్త్ర అధ్యాపకుడు, ఇలా రాశారు: కొన్ని తేదీలు లేవు, ఉన్న తేదీల్లో ఒక్కనాడూ సున్నా లేదు, రికార్డు కల్పితం. ఆ వ్యాఖ్య నిలిస్తే సంధ్యకు రాష్ట్రస్థాయికి అవకాశం పోవడమే కాదు, మోసం చేసిందన్న మాట బడి దస్త్రంలో చేరుతుంది. బల్ల దగ్గర ఆయన ఆ పిల్లను ఒక్క ప్రశ్న కూడా అడగలేదని విచారిస్తే తెలిసింది. ప్రశ్న అడగకుండా తీర్పు రాయడం ఏ పరీక్షా నియమంలోనూ లేదు. నేను పత్రం మీద సంతకం పెట్టలేదు.

సంధ్య ఏడవలేదు. "నాను ఎల్లకుండానే రాసేసేనంతాడేటి మేడం ఆ సారు? ఒక్కపాలి అడిగుంటే సెప్పీదాన్ని గదా" అంది.

అభ్యంతరం రెండో రోజు నాలుగు గంటల లోపు, లిఖితపూర్వకంగా, మూల రికార్డుతో సహా ఇవ్వాలన్నది నియమం. చిత్తుపుస్తకం లిలువాలో ఉంది. మర్నాడు సంధ్య తల్లి రైలూ బస్సూ మారి, దాన్ని పాలిథిన్ సంచిలో చుట్టి మూడుంబావుకు తెచ్చింది.

"ఈ బురద పుస్తకంతోటి ఏటి పనమ్మా మీకు? మొన్న పాత కాయితాలు కొనే కబాడీవోడికి ఏసేస్తే, తడిసిపోనాది వొద్దని ఆడే తిరిగిచ్చేసినాడు" అని నా చేతిలో పెట్టింది.

అభ్యంతర పత్రంలో మూడు వాక్యాలు రాశాను. తొమ్మిది రోజులను తొలగించమన్నది విద్యార్థిని కాదు, నేను. అది నా తప్పిదం. కల్పితమన్న మాట తొలగించాలి. సంతకం, హోదా, సమయం వేసి చిత్తుపుస్తకంతో పాటు ఇచ్చాను. ఇలాంటి కాగితం నా సర్వీసు దస్త్రానికి చేరుతుందని కార్యాలయ గుమాస్తా హెచ్చరించాడు. చేరవలసినదేనని చెప్పాను.

అధ్యాపకుడు పేజీలు నిదానంగా తిప్పారు. సున్నా ఉన్న తేదీలను వేరే కాగితం మీద వరసగా రాసుకున్నారు. తర్వాత పుస్తకం నా వైపు తిప్పి, పేజీ అంచున పెన్సిలు రాత చూపిస్తూ బెంగాలీలో అడిగారు:

"దీదీ, మీరు ఇది చదివారా?"

లెక్కలు సరిచూశానని, అంచులు చదవలేదని ఒప్పుకున్నాను.

తొమ్మిది సున్నాల్లో ఏడింటి పక్కన సంధ్య ఒకే సంగతి రాసింది: లారీ వచ్చింది, జీల్‌లో మట్టి పోసింది. మిగతా రెండు మంచు పడిన రోజులు. మట్టి పడిన ఏ ఉదయమూ ఆ చోట ఒక్క పిట్ట వాలలేదు. నలభై రోజుల పరిశీలనలో తేలిన అసలు విషయం అదే. చక్కగా కనబడాలని దాన్నే నేను తీసేయించాను.

ఆయన కల్పితమన్న మాటను ఒక్క గీతతో కొట్టి, పక్కన సంతకం చేశారు. సంధ్యను అడగకుండా రాయడం పొరపాటని ఆమెతోనే చెప్పారు. అయితే మార్కులు సమర్పించిన ప్రతికే వేయాలి కనుక రాష్ట్రస్థాయికి ఆమె ఎంపిక కాలేదు. నియమం ప్రకారం అది సరైన నిర్ణయమే. నేను మళ్ళీ అభ్యంతరం చెప్పలేదు. మూడో రోజు బల్ల మీద శుద్ధప్రతి తీసేసి చిత్తుపుస్తకం పెట్టాం. సంధ్య లారీ రాతలున్న పేజీ తెరిచి, ఎగరకుండా పైన ఒక నత్తగుల్ల ఉంచింది.

మర్నాడు శుద్ధప్రతి ఆచారాన్ని రద్దు చేయాలని ప్రధానోపాధ్యాయుడికి రాతపూర్వకంగా కోరాను. మూడోసారి రాశాక రద్దయింది.

ఏమీ కనబడలేదన్నది కూడా ఒక పరిశీలనే. దాన్ని రాయడం విద్యార్థి బాధ్యత. చదవకుండా సంతకం పెట్టకపోవడం ఉపాధ్యాయుడి బాధ్యత. మా ఇద్దరిలో తన బాధ్యత నెరవేర్చినది సంధ్య.