మేడం జాబితాలో లేని వ్యాసం

మా మేడం పోయారన్న కబురు పోయిన సోమవారం పొద్దున్న ల్యాబ్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నేను హౌరా దగ్గర సంత్రాగాఛి స్టేషన్లో లోకల్ రైలు కోసం నిలబడి ఉన్నాను. ఏడుపు రాలేదు. ఆవిడకి పేరు తెచ్చిన వ్యాసంలో తప్పుందని తెలిసినదాన్ని ల్యాబ్‌లో ఇక నేనొక్కదాన్నే అన్న భయం ముందు వచ్చింది. అందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

మేడం జన్యుశాస్త్ర పరిశోధకురాలు. గార్డెన్ రీచ్‌లో ఓడరేవు పనికి వలసొచ్చిన తెలుగు కూలీ కూతురు. ల్యాబ్‌లో అందరితో బెంగాలీ, ఇంగ్లీషు. నాతో మాత్రం మా శ్రీకాకుళం వైపు తెలుగు. వ్యాసం రాసినవాళ్ళ వరసలో నా పేరు ఎన్నోదని నేను గునిస్తే, "సీసాలు ఎవులు కడిగినారో ముందు అది చెప్పు" అని నవ్వేవారు. మా రాతల్ని పెన్సిల్‌తోనే దిద్దేవారు, మేం ఒప్పుకోకపోతే చెరుపుకోవచ్చని. నా చదువూ ఉద్యోగమూ ఆవిడ చలవే.

రాసినవి చాలానే ఉన్నా, ఆవిడ పేరెత్తితే అందరూ ఒక్కదాని గురించే మాట్లాడతారు. అది మా రైల్వే క్వార్టర్స్‌లోని ఒక తెలుగు కుటుంబం మీద రాసింది. అమ్మానాన్నల రక్తంలో లేని ఒక జన్యు మార్పు, హాని లేనిదే, పిల్ల రక్తంలో కనబడింది. కొత్తగా పుట్టిన మార్పని రాశాం. దాన్ని ఆధారం చేసుకుని ఎవరెవరో ఎన్నో వ్యాసాలు రాశారు. పాఠాల్లోకి కూడా ఎక్కింది.

వ్యాసం కోసం ఆ కుటుంబ వంశవృక్షం గీసింది నేనే. వాళ్ళది మా పక్కిల్లే. ఆ పిల్లని ఆ ఇల్లాలి చెల్లెలు కని, బారసాల నాడే పిల్లల్లేని అక్క ఒళ్ళో పెట్టేసిందని నాకు తెలుసు. మాలో పెంచుకున్న పిల్లని అలా అని ఎవరూ అనరు. పైగా ఆ పిల్ల నా ఎదురుగా కూర్చుని పెన్ను వంకే చూస్తోంది. తల్లి పేరు కింద గీత గీసి, గుండ్రం చుట్టి "ఇది నువ్వే" అన్నాను. తల్లిదండ్రులెవరో సరిచూసే పరీక్ష అప్పట్లో మా దగ్గర లేదు. మేడం నన్ను నమ్మారు. ఫలితం వచ్చాకైనా చెప్పాల్సింది. నా మొదటి వ్యాసం అచ్చవుతోందన్న సంబరంలో నోరు మెదపలేదు.

కొన్నేళ్ళకు కొత్త యంత్రం వచ్చింది. దాచిన నమూనాలు మళ్ళీ పరీక్షిస్తే పిల్ల వాళ్ళకి పుట్టినది కాదని తేలి, మేడం నన్ను పిలిచారు. చెప్పేశాను. తిట్టలేదు. "నువ్వు రాయనేదు, నేను అడగనేదు. మనోల్లో ఇలాటి పెంపకాలుంతాయని నాకు తెలీదేటి, ఇద్దరం మనోలమే కదే" అన్నారు.

వ్యాసం వెనక్కి తీసుకోవాలంటే కారణం అచ్చులో చెప్పాలి. అది ఏ కుటుంబం గురించో క్వార్టర్స్ అంతటికీ తెలుసు, పిల్లకి మాత్రం తన పుట్టుక సంగతి తెలీదు. ఆ వ్యాసం పేజీకి వాళ్ళు ఫ్రేము కట్టించి గోడకి పెట్టుకున్నారు. వేరే సాకేదైనా రాద్దామన్నాను. "ఒక అబద్ధం దిద్దడానికి ఇంకోటా?" అన్నారు. చివరికి ఆ తల్లినే అడుగుదామని వెళ్ళాం. ఆమె తలుపు దగ్గరగా వేసి, "మీ కాయితం కోసరం నా కూతుర్ని లాగీసుకుంతారేటమ్మా?" అంది. తిరిగొస్తూ మేడం స్టేషన్ బెంచీ మీద కూర్చుండిపోయారు. రెండు హౌరా లోకళ్ళు వెళ్ళిపోయాయి. "అచ్చయిపోనాక అది మన మాట వినదే" అన్నారు.

ఆ తర్వాత తన వ్యాసాల జాబితాలోంచి దాన్ని తీసేశారు. దానికి సన్మానం చేస్తామంటే మోకాళ్ళ నొప్పులని చెప్పి వెళ్ళలేదు. ఎంత వినయమో అన్నారు అందరూ. ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడ ముఖం చూడలేకపోయేదాన్ని. తప్పు నాది, మోసింది ఆవిడ.

ఇదంతా తెలుగులో రాస్తున్నాను. ఆ పిల్లకి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను కూడా. పిరికితనమే, ఒప్పుకుంటున్నాను.

నిన్న సంతాప సభ అయ్యాక ఆ పిల్ల తల్లిని వెంటబెట్టుకుని నా గదికి వచ్చింది. ఇప్పుడు ఎమ్మెస్సీ చదువుతోంది, ఈ సబ్జెక్టే. "అక్కా, మేడం వదిలిన పని నేను చేస్తాను. మా ముగ్గురి బ్లడ్ మళ్ళీ టెస్ట్ చేద్దాం. నాది ఇప్పుడే తీసుకో" అంటూ కుర్తా చెయ్యి పైకి మడిచి, చెయ్యి నా బల్ల మీద చాపింది.

తల్లి గుమ్మంలోనే ఆగిపోయింది. నాకేసి చూస్తూ, చీర కొంగు లాక్కుని తన మోచెయ్యి కప్పుకుంది.