తెల్ల చీర కట్టుకొని వసూలుకు వెళ్ళిన రోజులు

పోయిన నెల ఒక మధ్యాహ్నం, అన్నం తిని కాస్త నడుం వాల్చుదామనుకుంటూ ఉండగా, మా వీధి చివర కొత్తగా తెరిచిన ఫైనాన్సు ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మా మదనపల్లెలో ఇప్పుడు టీ అంగళ్ళకన్నా ఈ ఆఫీసులే ఎక్కువైపోయాయి గనుక నేను పెద్దగా ఆశ్చర్యపోలేదు. చక్కగా తల దువ్వుకొని, మెడలో కార్డు వేసుకొని, చేతిలో పలకంత ఫోను పట్టుకొని వచ్చిన ఆ పిల్ల నన్ను డబ్బు కట్టమని అడగలేదు. ఆదివారం ఆరాధన అయిపోయాక మా స్త్రీల సమాజంలో తన కంపెనీ గురించి నాలుగు మంచి మాటలు చెబితే చాలునట. మీరు రిటైరైన సిస్టరు కదా మేడం, మీరు చెప్తే అందరూ వింటారు, అన్నది. ఆ మాట చెవిన పడగానే, ఆ పిల్లకిద్దామని తెచ్చిన మంచినీళ్ళ గ్లాసును ఇవ్వకుండానే బల్లమీద పెట్టేశాను. నాకు వీలుకాదమ్మా అని చెప్పి పంపించేశాను గానీ, నేను కాకపోతే ఇంకొకరు, ఆ ఇంకొకరు ఎవరా అని ఆనాటి నుంచీ నాకు మనసు మనసులో లేదు. ప్రసంగం జరుగుతున్నా కళ్ళు మూసుకోలేక, ఆ పిల్ల ఎవరి పక్కన కూర్చున్నదా అని వెనక్కి తిరిగి చూస్తున్నాను. నా ఈడువాళ్ళకు ఈ దిగులు ఎందుకో చెబితే అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

నేను మిషన్ ఆసుపత్రిలో నర్సుగా ముప్పై మూడేళ్ళు పనిచేశాను. మా కాలంలో నర్సుకు తెల్లచీర, తెల్లరవిక, నెత్తిన టోపీ. ఆ చీరకు గంజి పెట్టి, మడత నలగకుండా కట్టుకోవడం ఒక విద్య, అది రాని పిల్లలను మా మేట్రనమ్మ గుమ్మంలోంచే వెనక్కి పంపేది. కలకడ నుంచీ, పెద్దపంజాణి నుంచీ ఎడ్లబండ్ల మీదా, తర్వాతి రోజుల్లో ఆటోలలోనూ వచ్చే పల్లెజనం ఆ చీరను చూసి చేతులెత్తి మొక్కేవారు. ఆపరేషనుకు వెళ్ళే ఆడవాళ్ళు మెడలోదీ చెవులవీ తీసి నా చేతిలో పెట్టి, ఎన్ని ఉన్నాయో కూడా చెప్పకుండా లోపలికి పోయేవారు. మనుషులు మనుషులను అంతగా నమ్మేవారని చెబితే ఇప్పటి పిల్లలు నన్ను చూసి నవ్వుతారు.

మా వారు పుంగనూరు బడిలో టీచరు కావడంతో కాపురం అక్కడ పెట్టి, నేను రోజూ బస్సులో మదనపల్లెకు వచ్చి పోయేదాన్ని. అట్లా ఉన్న రోజుల్లో పుంగనూరులో ఒక బట్టల అంగడి మేడమీద ఒక కంపెనీ ఆఫీసు వెలిసింది. దాని పేరుతో నాకిప్పుడు పనిలేదు, అప్పుడూ మేము కంపెనీ అనే అనేవాళ్ళం. నెలనెలా కొంచెం కొంచెంగా కట్టినా, ఒకేసారి కట్టినా, కొన్నేళ్ళకు రెట్టింపు ఇస్తామనీ, మన డబ్బుతో వాళ్ళు భూములు కొని టేకుచెట్లు పెంచుతారనీ చెప్పేవారు. రంగురంగుల పుస్తకంలో ఆ చెట్ల బొమ్మలు కూడా ఉండేవి. చెట్లు ఎక్కడున్నాయని మాలో ఒక్కరూ అడగలేదు.

అడగకపోవడానికి కారణం చెప్పాలి. మా క్రైస్తవులలో ఒక ఆచారం ఉంది. చేను కోస్తే మొదటి గంప, ఆవు ఈనితే మొదటి నాళ్ళ పాలు అమ్మిన డబ్బు, బిడ్డకు ఉద్యోగం వస్తే మొదటి నెల జీతం మొత్తం మా గుడికి, అంటే చర్చికి, ఇస్తాము. దాన్ని ప్రథమ ఫలం అంటాము. పూట గడవని ఇంట్లో కూడా మొదటి జీతాన్ని తాకరు. ఆ కంపెనీ మేనేజరు, ఏ ఊరివాడో ఏమో, వచ్చిన నెలలోనే ఒక ఆదివారం మా గుడికి వచ్చి, వెనక బెంచీలో అణకువగా కూర్చొని, తమ బ్రాంచికి వచ్చిన మొదటి నెల ఆదాయమని ఒక కవరు తెచ్చి కానుకల పళ్ళెంలో పెట్టాడు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారు. ఆయన తప్పు ఏమీ లేదు, ఎవరు తెచ్చినా చేస్తారు. అంతే, ఇంక మాకు కాగితాలు అక్కరలేకపోయాయి. ప్రథమ ఫలం ఇచ్చినవాడు మోసం చేస్తాడా అని మాలో మేము అనుకున్నాము. మసీదు వీధి వ్యాపారులు మాత్రం రిజిస్ట్రేషను కాగితం చూపించమని అడిగితే, చూడండి వీళ్ళకు ఎంత అనుమానమో అని మేము నవ్వుకున్నాము. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఆ మేనేజరు నన్ను ఏజెంటుగా చేరమన్నాడు. మీరు చెప్తే అందరూ వింటారు సిస్టర్, అన్నాడు. నేను పొంగిపోయాను. ఇంటికి వెళ్ళి చీర మార్చుకొని వసూలుకు పోతున్నానని తెలిసి, ఒకరోజు మెత్తగా నవ్వుతూ, యూనిఫాంలోనే వెళ్ళండి సిస్టర్, జనానికి ధైర్యంగా ఉంటుంది, అన్నాడు. నా మొహానికి అందులోని తెలివి అర్థం కాలేదు. నాకు తర్వాత తెలిసింది, వాళ్ళు ఏ ఊరికి పోయినా మొదట నర్సులనూ, బడిపంతుళ్ళనూ, పోస్టుమాన్లనూ వెతికి పట్టుకునేవారట. ఊరు నమ్మే మనిషిని పట్టుకుంటే ఊరినంతా వేరే నమ్మించే పని లేదు కదా. మా వారు ఒకటి రెండుసార్లు, ఇంత వడ్డీ ఎవరిస్తారే, కొంచెం ఆలోచించు అన్నారు గానీ, కమీషనుతో ఇంట్లోకి ఫ్రిజ్జు వచ్చాక ఆయన నోరు కూడా చల్లబడింది.

ఇక మా చిన్నమ్మ సంగతి. మా అమ్మ చెల్లెలు ఆమె, చౌడేపల్లె దగ్గర ఒక పల్లెలో ఉండేది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా అమ్మ పోతే, నన్ను తన దగ్గర పెట్టుకొని, పాలు పోసి, ఆ డబ్బుతో నన్ను నర్సు ట్రైనింగు చదివించింది. చిన్నాయన జబ్బు పడినప్పుడు వాళ్ళకున్న రెండెకరాల టమాటా చేనును ఊళ్ళో డబ్బున్నవాళ్ళ దగ్గర కుదువ పెట్టింది. ఐదేళ్ళలోగా, ఉగాదికి, డబ్బు మొత్తం కట్టకపోతే చేను వాళ్ళకే రాసిచ్చేటట్టు కాగితం. చిన్నాయన దక్కలేదు. ఆమె మాత్రం మూడు ఆవులను పెట్టుకొని, పేడ ఎత్తి, పాలు పోసి, మూడేళ్ళకే ఆ బాకీలో ముప్పాతిక భాగం కూడబెట్టింది. ఆ డబ్బు వాళ్ళకు కట్టేస్తానని, ఒకమాట నాకు చెప్పడానికి పుంగనూరు వచ్చింది. అప్పుడు నేను ఏం చేశాననుకున్నారు? ఇప్పుడే ఎందుకు కడతావు, ఇంకా రెండేళ్ళ గడువుంది కదా, ఇది కంపెనీలో వేస్తే చేను విడిపించుకోగా బోరుకు మోటారు కూడా వస్తుంది అని చెప్పాను. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి, ఆ తెల్లచీరలోనే కూర్చొని చెప్పాను. ఆమె ఇంకో ప్రశ్న వేయలేదు.

"నువ్వు సెప్తే సాలు పాపా. నాకేం తెల్సు, ఆవుల సంగతి తప్ప" అని కొంగుముడి విప్పింది.

ఏడాదిన్నర బాగానే గడిచింది. ఆ తర్వాత ఒక్కొక్కటే తేడా రావడం మొదలైంది. ముందు అచ్చు రసీదులు పోయి చేతిరాత రసీదులు వచ్చాయి. గడువు తీరినవాళ్ళకు చెక్కులు రావడం ఆలస్యమైంది. అడిగితే కంప్యూటర్లు మారుస్తున్నాం అన్నారు. మేనేజరు మారాడు, కొత్తాయన గుడికి రాలేదు. ఒకరోజు మెట్లెక్కి చూస్తే నాలుగు కుర్చీలున్నచోట ఒక్కటే ఉంది. ఆడపిల్లల పెళ్ళిళ్ళకనీ, కాలేజీ ఫీజులకనీ కట్టినవాళ్ళు వార్డులోకే వచ్చి నన్ను అడిగేవారు, నేను పేషంటుకు సూది వేస్తూనే, వచ్చేవారం వస్తుందిలే అని అబద్ధం చెప్పేదాన్ని. అబద్ధమని నాకు తెలుసా అంటే తెలియదు, తెలుసుకోవడానికి భయం. చిన్నమ్మ మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. ఆమె అడగకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టేది. చివరికి పుంగనూరు ఆఫీసుకు తాళం పడింది. లెక్కలన్నీ కుప్పం ఆఫీసుకు మార్చామని తలుపుకు కాగితం అంటించారు. అప్పటికి ఉగాదికి ఇంకా నలభై రోజులే ఉన్నాయి.

చిన్నమ్మకు సగమే చెప్పి, కంపెనీ ఇచ్చిన బాండు కాగితం తీసుకొని రమ్మన్నాను. నైట్ డ్యూటీ దిగి, చీర మార్చుకునే వ్యవధి కూడా లేక, పొద్దున్నే ఆమెతో కలిసి పలమనేరు మీదుగా కుప్పం బస్సెక్కాను. దారి పొడవునా ఆమె మోటారు గురించే మాట్లాడింది. మూడు హెచ్.పి. చాలునా, ఐదు కావాలా అని. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఊ కొట్టాను.

కుప్పంలో ఆఫీసు ముందు రెండు వందల మంది దాకా ఉన్నారు. తెలుగూ, తమిళమూ, కన్నడమూ అన్నీ కలిసి ఒకటే గోల. షట్టరు మూసి ఉంది. దాని పైన బోర్డు ఉండవలసిన చోట నాలుగు మేకుల గుర్తులు మాత్రం ఉన్నాయి. పక్కన కుట్టుమిషను పెట్టుకొని బట్టలు కుట్టుకుంటున్న ఒక పెద్ద సాయిబు, చిన్నమ్మ తూలడం చూసి లేచి, తన స్టూలు జరిపి కూర్చోమన్నాడు.

"యాడినించి వచ్చినారమ్మా? మూడు దినాలుగా జనం వస్తానే ఉండారు. ఈడ ఎవురూ లేరు. బోర్డు గూడా వాళ్ళే పెరుక్కోని పొయినారు" అన్నాడు మెల్లగా.

ఆ మాట చిన్నమ్మకు అర్థమయ్యేలోపల జనంలో ఎవరో నా చీరను చూశారు. ఈ సిస్టరు కంపెనీ మనిషే, పుంగనూరులో ఇట్లాంటామెనే మాతో కట్టించింది అని ఒకామె అరిచింది. చుట్టూ మూగారు. ఒకరు నా కొంగు పట్టుకున్నారు. వాళ్ళను తప్పుపట్టలేను, ఆమె చెప్పింది నిజమే కదా. అప్పుడు మా చిన్నమ్మ స్టూలు మీద నుంచి లేచి వచ్చి, నాకూ వాళ్ళకూ మధ్య నిలబడింది.

"ఇడిసిపెట్టండప్పా. ఆ యమ్మ నా బిడ్డ. నేనూ కట్టి పోగొట్టుకున్నదాన్నే" అన్నది.

కొంగు పట్టుకున్న చేయి వదిలింది. తిరుగు ప్రయాణంలో చిన్నమ్మ మళ్ళీ మోటారు ఊసెత్తలేదు. నేను ఏడుస్తుంటే నా వీపు మీద చేయి వేసింది.

మర్నాడే పి.ఎఫ్. మీద లోనుకు అర్జీ పెట్టాను. ఆ నలభై రోజులు నేను తిన్నదీ లేదు, నిద్రపోయిందీ లేదు. క్లర్కు టేబులు చుట్టూ తిరిగాను, తెలిసినవాళ్ళందరినీ చేబదులు అడిగాను. కానీ నా మాట మీద కట్టి మునిగినవాళ్ళే అందరూ, ఇక నాకు ఎవరిస్తారు? లోను డబ్బు ఉగాది దాటిన తొమ్మిదో రోజున చేతికి వచ్చింది. అది పట్టుకొని కుదువ పెట్టుకున్నవాళ్ళ ఇంటికి పోయి కాళ్ళ మీద పడినంత పని చేశాను. గడువు దాటిందమ్మా, కాగితం ప్రకారం మాట, అన్నారు. వాళ్ళ కాగితం సరైనదే. కంపెనీ యజమానులు మా డబ్బుతో యాడో కొండమీద విలాసాల హోటలు కట్టుకున్నారనీ, టేకుచెట్లు అసలే లేవనీ తర్వాత పేపర్లో చదివాము. ఒకరిద్దరిని జైల్లో పెట్టారు, బెయిలు మీద వచ్చేశారు. మా చిన్నమ్మ చేనులో మాత్రం ఇంకొకరు నారు నాటారు. లోను డబ్బు ఆమె పేర బ్యాంకులో వేశాను. వద్దని అనలేదు, సంతోషమూ పడలేదు.

ఆ ఏడు వానాకాలంలో ఆమెకు జ్వరమని తెలిసి మాత్రలు తీసుకొని పోయాను. అంతకుముందు నేను ఏ మాత్ర ఇచ్చినా, రంగు కూడా చూడకుండా, యేసయ్యా అని నోట్లో వేసుకునేది. ఆ రోజు మాత్ర తీసుకొని, అట్లా తిప్పి ఇట్లా తిప్పి చూసింది. ఆమెకు చదువు రాదు.

"ఇది దేనికి పాపా? ఏం గాదు గదా?" అని అడిగింది. కోపంగా కాదు, ఎప్పటి గొంతుతోనే. చెప్పాను. సరేనని తలాడించి, మాత్రను దిండు కింద పెట్టుకొని, "సాయంత్రం డాక్టరప్ప వస్తాడు, ఒక మాట అడిగి ఏసుకుంటాలే" అన్నది. ఆ డాక్టరప్ప ఎవరనుకున్నారు, పల్లెల్లో సైకిలు మీద తిరిగి సూదులు వేసేవాడు. నేను ఎక్కడో పని ఉన్నట్టు ఆవుల దగ్గరికి పోయి నిలబడ్డాను.

ఇప్పుడు ఆసుపత్రిలో చిన్న నర్సులు, పేషంట్లు ప్రతి మాత్రనూ ఫోనులో చూసుకొని గానీ మింగడం లేదని నాతో విసుక్కుంటారు. అడగనీయండి అమ్మా, అడగడమే మంచిది, అని వాళ్ళకు చెబుతాను. మా కాలంలో అడగడం మర్యాద కాదనుకున్నాము, అందుకే మునిగాము. లోకం జాగ్రత్త నేర్చుకున్నది, నేను కాదనను. కానీ మా చిన్నమ్మకు ఆ జాగ్రత్త నేర్పినదాన్ని నేనే. ఆ తర్వాత ఆమె ఆరేళ్ళు బతికింది. నన్ను ఒక్క మాటా అనలేదు, నా చేతి మాత్ర ఒక్కటి కూడా అడగకుండా వేసుకోలేదు.