కందూరు నాడు మొదటి డ్యూటి

మొదటిరోజు నౌకరికి పోయేటోడు టిఫిను డబ్బ పట్టుకొని పోతడు. నేను నా ముందటి పన్ను అంగి జేబుల ఏసుకొని పోయిన. అది గూడ రెండింటికి ఎక్కాల్సిన డ్యూటికి నాలుగు దాటినంక.

నేను బడి ఇడిచిపెట్టిన్నని అందరంటరు గని, బడి గూడ నన్ను పెద్దగ ఆపలే. ఎనిమిదో తరగతికే దండం పెట్టి లారీ మీద క్లీనరుగ ఎక్కిన. టైర్లు ఇప్పి, గ్రీసు పూసి, దెబ్బలు తిని తిని ఆఖరికి పెద్ద బండ్ల లైసెన్సు తీసిన. తెలంగాణ వచ్చినంక మా దిక్కు కంపెనీలకు పనోళ్లను తీస్కపోయే బస్సులు ఎక్కువైనయ్. కల్వకుర్తికెళ్లి జడ్చర్ల దిక్కున్న మందుల కంపెనీకి పోయే బస్సు మీద నాకు డ్రైవరు పని దొరికింది. షెడ్డు ఇంచార్జి ఒక్కటే మాట చెప్పిండు: "శుక్రారం రెండింటికి బండి బైటికెళ్లాలె. నిమిషం లేటైనా ఇంకో డ్రైవరు లైన్ల ఉన్నడు."

ఆడనే వచ్చింది చిక్కు. నాకు నౌకరి వస్తె గుట్ట మీది దర్గాకాడ కందూరు చేస్తనని మా అమ్మ ఎన్నడో మొక్కింది. కందూరంటె ఉట్టి దావత్ గాదు. మేకపోతును ఆడనే కొయ్యాలె, ఆడనే వండాలె, ఆడనే తినాలె. ఇంటికి ముక్క గూడ తేవద్దు. ఎవరి పేరు మీద మొక్కిండ్రో ఆ మనిషి మొదటి ముద్ద మింగందె ఇంకెవ్వరు ఇస్తరాకు ముట్టొద్దు. దర్గాకాడ కందూరు శుక్రారమే. నా డ్యూటి గూడ శుక్రారమే.

"అమ్మా, వచ్చే శుక్రారం చేద్దమే," అన్న.

"మొక్కు తీర్చకుండ స్టీరింగు ముట్టుకుంటవా? చేతులిరుగుతయ్ బిడ్డా."

మా మామ, అంటె మా అమ్మ తమ్ముడు, మీసం దువ్వుకుంట "ఫికర్ జెయ్యకు అల్లుడా, పదకొండింటికల్ల నీ నోట్ల ముక్క పెడత," అన్నడు. నోట్ల ఏదో ఒకటి పడ్డది గని, ముక్క గాదు.

తెల్లారకముందే మామ ట్రాక్టరు డబ్బల వంట బోగాణులు, కట్టెలు, చుట్టాలు, మేకపోతు, అందరం కలిసి పోయినం. గుట్ట కింద మాసొంటి ట్రాక్టర్లు ఇరవై దాక ఆగినయ్. చక్రం చక్రానికి కట్టేసి ఒక మేకపోతు. అన్నిటి ఒళ్లు నలుపే, అన్నిటి మెడకు పసుపుతాడే. మామ పోయి మేకపోతును ఇప్పుకొని కోసేటాయిన దగ్గరికి గుంజుకపోయిండు. ఆయిన నా పేరు అడిగి, దువా చదివి, కత్తి పెట్టిండు. గంటలోపే కూర ఉడుకుతాంది. నేను గడియారం చూసుకుంట పదకొండుకు తిని పన్నెండుకు బయలెల్లొచ్చని కుశాలగున్న.

అప్పుడు మా మేకపోతు వచ్చింది.

నడుచుకుంట వచ్చింది. తాడు ఈడ్సుకుంట వచ్చి, పొయ్యి పక్కనున్న కొత్తిమీర కట్టల మూతి పెట్టింది. నెత్తి మీద తెల్లమచ్చ, ఇరిగిన ఎడమ కొమ్ము. దాని కూర ఎట్లుడుకుతుందో చూసిపోదామని వచ్చినట్లుంది.

అమ్మ చేతిల గంటె ఆగింది. "తమ్మీ, ఇది మనదే గదరా?"

మామ దాన్ని చూసిండు, బోగాణి చూసిండు. "మరి గిండ్ల ఉన్నదెవరు?"

పక్క ట్రాక్టరుకాడ మేకపోతు కనవడ్తలేదని లొల్లి మొదలైంది. అచ్చంపేట దిక్కోళ్లు. ఒక పెద్దావిడ, ఆమె కొడుకు. కొడుకు తాటిచెట్టంత మనిషి, చేతిల ఊతకర్ర. లారీ గుద్దితె కాలుల రాడేసిండ్రట. పానం దక్కిందని వాళ్లమ్మ మొక్కిన కందూరది. మామ ఆ మాట ఇని, మా డబ్బకు ఏలాడేసిన తోలును మెల్లగ మడతబెట్టబోయిండు. కర్రమనిషి చూడనే చూసిండు.

"ఆ తోలు మాది!"

"తోలు మీద నీ పేరుందా?" అన్నడు మామ. నేనైతె ఆ మాట అనకపోదును. మూర్ఖునికి గూడ ఒక హద్దు ఉండాలె.

కర్ర మామ ఈపుల పడ్డది. తడిబట్ట బండకేసి కొట్టినట్లు సప్పుడైంది. మామ పొయ్యిలకెళ్లి మండుతున్న కట్టె గుంజి ఆయిన భుజం మీద ఏసిండు. అంగి అంటుకుంది. మంట ఆర్పుతందుకు వచ్చినోళ్లు ఆర్పుకుంటనే గుద్దుతున్నరు. మా అమ్మ గంటె తిప్పితె ఉడుకు పులుసు ఇద్దరి మొకాల మీద పడ్డది. వాళ్లు కండ్లు మూసుకొని దొరికినోన్ని దొరికినట్లు కొట్టిండ్రు, అండ్ల వాళ్లోళ్లు గూడ ఉన్నరు. ఒకాయిన నెత్తి పలిగి నెత్తురు చెవిలకెళ్లి కారుతాంది.

నేను మధ్యల దూరి రెండు చేతులెత్తిన. "అన్నా, జర ఆగుండ్రి, నాకు రెండింటికి డ్యూ..."

డ్యూటి అన్న మాట సగమే వచ్చింది. మిగిలిన సగంతోని పన్ను వచ్చింది. కర్ర సక్కగ మూతి మీద పడ్డది. నోరంత ఉప్పగ, ఏడిగ అయింది.

దాని తర్వాత నేను మధ్యవర్తిని గాదు. ఆయిన గల్ల పట్టుకొని కిందకేసిన. ఆయిన నా మెడ పిసికిండు. ఊపిరాడక కాలు ఇసిరిన. అది పోయి ఆ రాడున్న కాలుకే తాకింది. ఆ మనిషి పెట్టిన కేకకు గుట్ట మీద పావురాలు లేచినయ్. పెద్దావిడ పరుగున వచ్చి కొడుకు మీద బోర్ల పడ్డది. "సావుకెళ్లి గుంజుకొచ్చుకున్న కొడుకుర, నా బాంచెన్, కొట్టకుండ్రి," అన్నది. ఎత్తిన చేతులు ఎత్తినట్లే ఆగినయ్.

దర్గాను చూసుకునే ముజావరు వచ్చిండు. తెల్లగడ్డం, కోపమంత ముక్కు మీద. "పీరుసాబు దగ్గర మనుషులను కోస్తున్నరా?" అని ముందుగాల మామకు ఒకటి, కర్రమనిషికి ఒకటి సరిసమానంగ అంటించిండు. తర్వాత అందరు ఆయిననే న్యాయం చెప్పమన్నరు.

"మా మేకపోతు మీదానికన్న బరువున్నది, తీస్కోండ్రి," అన్నడు మామ.

"బరువు ఎవనిక్కావాలె?" అన్నది పెద్దావిడ. "మా మేకపోతు మెడ మీద నీ అల్లుని పేరు చదివిండ్రు. మరి నా కొడుకు మొక్కెట్ల తీరుతది?"

ముజావరు తేల్చిండు. మా మేకపోతును ఆయిన పేరు మీద కొయ్యాలె. రెండు కూరలు ఒక్కకాడ పెట్టి ఫాతిహా చదవాలె. మొక్కులోళ్లిద్దరు పక్కపక్కన కూసోని మొదటి ముద్ద తినాలె. అప్పటిదాక ఎవ్వరు కదలొద్దు. కదులుదామన్నా ట్రాక్టరు చావి పెద్దావిడ బొడ్లె దోపుకుంది. దాని జోలికి పోయేంత మొగోడు మా వాళ్లల్ల లేడు.

కొత్తిమీర తిని తేరుకున్న మా మేకపోతును మళ్ల గుంజుకపోయిండ్రు. కోసుడు, తోలు తీసుడు, కొత్తగ పొయ్యి ముట్టిచ్చుడు. ఒంటిగంటన్నరకు జేబుల ఫోను మోగింది. ఇంచార్జి. నా పెదవి అప్పటికె గారెంత అయింది. "సార్, వత్తన్న, పెద్ద లొల్లైంది," అందామనుకున్న. ఆయినకేమినవడ్డదో గని, "పట్టపగలే తాగి మాట్లాడుతున్నవార? నీ నౌకరి పోయింది పో," అని పెట్టేసిండు.

ఫాతిహా అయినంక నన్ను, కర్రమనిషిని పక్కపక్కన కూసోబెట్టిండ్రు. ఆయిన భుజం కాలి బొబ్బలెక్కింది. కాలు సాపుకొని పండ్లు కొరుక్కుంట నా దిక్కు చూసిండు.

"నములొస్తదా?" అన్నడు.

"నడువొస్తదా?" అన్న.

ఇద్దరం ముక్క నోట్ల పెట్టుకున్నం. నా ముక్కకు నెత్తురే పులుసు. నమలకుండ మింగిన. అప్పుడిచ్చింది పెద్దావిడ చావి.

షెడ్డుకు పోయేసరికి బండి లేదు. ఇంచార్జి నన్ను లోపలికి గూడ రానియ్యలే. అంగి మీద నెత్తురు చూసి "ఎవలదిర?" అన్నడు. "సగం నాది సార్," అన్న. గేటు ఏసుకున్నడు.

తెల్లారి మా అమ్మ నన్ను గల్లవట్టి షెడ్డుకు తీస్కపోయింది. ఇంచార్జి ముందట నా పెదవి పైకి లేపి సందు చూపించింది. "తాగిండా, పన్నూడిందా, నువ్వే చూడు సారూ."

"పన్నూడినా లేటు లేటే అమ్మా. నలభై మంది ఎదురుచూసిండ్రు."

"అవు, తప్పు వీనిదే," అని మా అమ్మ నా ఎడమ చెంప మీద కొట్టింది. షెడ్డుల పానాలతోని బోల్టులు తిప్పేటోళ్లు గూడ పని ఆపి చూసిండ్రు. ఇంచార్జి తల అడ్డం తిప్పిండు. ఇంకోటి పడ్డది. నాకు చుక్కలు కనవడ్డయ్.

ఇంచార్జి కుర్చీలకెళ్లి లేచిండు. "ఏందమ్మా, సంపుతవా?"

"నువ్వు తీస్కునేదాక కొడత. నా కొడుకు, నా చెయ్యి. నీకేం కష్టం?" మూడోది పడ్డది.

"సారూ, జర జల్ది చెప్పుండ్రి," అన్న నేను.

ఆయిన బండి చావి టేబులు మీదికి ఇసిరిండు. "తీస్కపో. ముందుగాల ఈమెను తీస్కపో!"

ఆ మధ్యాన్నం బస్సు నేనే తీసిన. ఎడమ చెవిల గుయ్యిమనుడు ఇంక పోలే. స్టాపుకాడ పనికి పోయే ఆడోళ్లు "ఆపు అన్నా, ఆపు!" అని ఒర్లుతున్నరట. నాకు వినవడలే. అద్దంల ఎవరో చెప్పులు చేతవట్టుకొని ఎంట ఉరుకుతుంటె చూసి బ్రేకు తొక్కిన. ఎక్కినామె ఎక్కినట్లె తిట్టింది. ఆ తిట్లు గూడ సగమే వినవడ్డయ్.