మొదటి ముద్ద కుక్కకే

మా మేనమామ పోయాడని ఆళ్లగడ్డ నుంచి టెలిగ్రాం వచ్చింది. నేను నమ్మలేదు. ట్రంక్‌కాల్ చేసి మా అమ్మ గొంతు విన్నాకే ఏడ్చాను. ఆయన చేతిలో పెరిగినదాన్ని మరి, చావు కబురుకైనా సాక్ష్యం కావాలి.

నాన్న పోయాక అమ్మనూ నన్నూ ఇంటికి తెచ్చుకున్నది ఆయనే. నన్ను టీచరును చేసిందీ ఆయనే. ఆ రుణం తీరేది కాదు. కానీ పొలం తగాదాలో ఎవరో విషం పెడతామని బెదిరించినప్పటి నుంచి ఆయనకు అమ్మ వంట మీద కూడా అనుమానమే. భోజనం ముందు ప్రార్థనకు ఒక కన్నే మూసేవాడు. ఆమెన్ అనగానే మొదటి ముద్ద కుక్కకు వేసి, అది తోక ఊపితేనే తాను తినేవాడు. "మనిషిని నమ్మినా, మనిషి చేతిలోదాన్ని నమ్మగూడదు" అనేవాడు.

ఒక ఎండాకాలం ఆ కుక్క తిన్నదంతా కక్కి, పొట్ట ఉబ్బి పడిపోయింది. మామ అమ్మ వైపు తిరిగాడు.

"ఏం కలిపినావ్?"

"నీకు పెట్టిందే దానికీ పెట్టినా అన్నా."

"డాక్టరు విషమని చెప్పినాడంటే, నీ దావ నువ్వు చూసుకో."

మాకు వేరే దారి లేదని ఆయనకూ తెలుసు. మిగిలిన అన్నం, పప్పు సాక్ష్యానికి క్యారియర్‌లో పెట్టించి, జీపు మాట్లాడి మమ్మల్ని నంద్యాల పశువుల ఆస్పత్రికి బయలుదేరదీశాడు. కుక్క అమ్మ ఒళ్లో, క్యారియర్ ఆయన ఒళ్లో.

డాక్టరు పొట్ట నొక్కి చూసి, "పేగులో ఏదో అడ్డం పడింది. ఇప్పుడే కోయాలి" అన్నాడు. మామ ఆయన్నీ నమ్మలేదు.

"నా కండ్ల ముందర కొయ్యి" అని లోపలే నిలబడ్డాడు. అమ్మా నేనూ గుమ్మం దగ్గర ఉన్నాం. మత్తిచ్చి, పొట్ట తెరిచి, ఉబ్బిన పేగు కోసి డాక్టరు బయటికి తీసింది మామిడి టెంక.

"దీనికి పండు ఎవరు పెట్టారు?" అని అడిగాడు.

"నేనే" అన్నాడు మామ. "తోట కావలోడు ఇచ్చినాడు. తినేముందు దానికొకటి ఏసి చూసినా."

కుట్లు వేసి, బతుకుతుందన్నాడు డాక్టరు. అమ్మ బయటికి వచ్చి, "నేనింక ఆ ఇంటికి రాను" అంది.

తప్పయిందని చెప్పడం మామకు చేతకాదు. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని క్యారియర్ తెరిచాడు. ఎండకు పప్పు వాసన కొడుతోంది. కలిపి తినడం మొదలుపెట్టాడు.

"పాసిపోయిందన్నా, పారెయ్."

ఆయన వినలేదు. అమ్మనే చూస్తూ, అడుగున అంటిన మెతుకులు కూడా వేలితో తీసి తిన్నాడు. అమ్మ కాసేపు చూసి, కొళాయి దగ్గర చెంబు నింపుకొచ్చి ఇచ్చింది. ఆయన రెండు కళ్లూ మూసుకుని గటగటా తాగేశాడు.