ముసలమ్మను దాటేసిన రోజు

మొన్న మధ్యాహ్నం మా కోడలు లాప్‌టాప్ ముందు కూర్చుని పని చేసుకుంటూ ఉంటే అది ఉన్నట్టుండి ఆగిపోయి, కొత్త వెర్షన్ వేసుకుంటున్నానని చెప్పి తెర నల్లగా చేసుకుంది. ఆమె కంగారు పడలేదు, విసుక్కోనూ లేదు, లేచి వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకుంది. నేను మాత్రం ఆ తెర మళ్లీ వెలిగేదాకా కుర్చీలోంచి కదల్లేకపోయాను. వెర్షన్ మారడమంటే అంత తేలికగా తీసుకోలేని కాలం నుంచి వచ్చినవాణ్ణి మరి. చొక్కా జేబులో ఫ్లాపీలు పెట్టుకుని తిరిగినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే నా సంగతి అర్థమవుతుంది.

తొంభైల్లో పటాన్‌చెరు పారిశ్రామికవాడలో, మందుల కంపెనీలకు రియాక్టర్లూ ట్యాంకులూ తయారుచేసే ఓ మధ్యరకం ఫ్యాక్టరీలో నా ఉద్యోగం. కాజీపల్లి రసాయన ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి తిరిగిందంటే కిటికీలు మూసుకోవాల్సిన ఆ భవనంలో, చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లే ఏసీ గది ఒకటే ఒకటి, అది మా కంప్యూటర్లది. ఏ రియాక్టరుకు గోడ ఎంత మందం ఉండాలో లెక్కగట్టే ప్రోగ్రాము వాటిలో ఉండేది. దాన్ని తయారుచేసినవాళ్లు అందులోని లోపాలు సరిదిద్దుతూ అప్పుడప్పుడు ఫ్లాపీల్లో ప్యాచ్‌లు పంపేవారు, కొన్నాళ్లకోసారి ఏకంగా కొత్త వెర్షనే వచ్చేది. వాటిని అన్ని మిషన్లలో వేయడం నా బాధ్యత.

నన్నక్కడ పెట్టించింది మా బావ, అంటే మా అక్క భర్త. గుమ్మడిదల రైతు ఇంట పుట్టి, ఐటిఐ చదివి, డ్రాయింగ్ బోర్డు ముందు నిలబడి నిలబడి డిజైనరుగా ఎదిగిన మనిషి. మా సెక్షన్ ఇన్‌ఛార్జి రిటైర్ కాబోతున్నాడు, ఆ కుర్చీ బావదేనని అందరూ అనేవారు. మా అక్క అయితే చిట్కుల్‌లో ఇంకో గది ఎక్కువున్న కిరాయి ఇల్లు వెతకడం అప్పుడే మొదలుపెట్టింది.

మా సెక్షన్‌కు ఒక ఆచారం ఉండేది. ఫ్యాక్టరీ తొలినాళ్లలో కట్టిన ట్యాంకు ఒకటి ఏ మరమ్మతూ లేకుండా ఏళ్ల తరబడి పనిచేస్తూ ఉండేది, దాన్ని మేమంతా ముసలమ్మ అనేవాళ్లం. దాని లెక్కలు ఎన్నోసార్లు రుజువైనవి. ఎంత చిన్న ప్యాచ్ వచ్చినా ముందు ఒక్క మిషన్‌లోనే వేసి, ముసలమ్మ కొలతలు ఇచ్చి, వచ్చిన జవాబులను పాత ప్రింటు పక్కన పరిచి, స్కేలు ఆన్చి ఒక్కో వరసా సరిచూసుకోవాలి. ముసలమ్మ ఒప్పుకున్నాకే మిగతా మిషన్లకు. నా చేతిలో కొత్త ఫ్లాపీ కనబడితే చాలు, ముసలమ్మ దర్శనం అయిందా అని టీ తెచ్చేవాడితో సహా ప్రతివాడూ అడిగేవాడు.

ఆ రోజు వచ్చింది ఒక్క ఫ్లాపీ. క్యాంటీన్ టీవీలో క్రికెట్ మ్యాచ్ నడుస్తోంది, అరుపులు మా గదిదాకా వినబడుతున్నాయి. ముసలమ్మతో కూర్చుంటే పూట గడిచిపోతుంది. ఒక్క ఫ్లాపీయే కదా అనుకున్నాను. అన్ని మిషన్లలో వరసగా వేసేసి, దానితోపాటు వచ్చిన సూచనల ఫైలునైనా తెరవకుండా వెళ్లి మ్యాచ్ ముందు కూర్చున్నాను. అది బద్ధకం, దానికి ఇంకో పేరు పెట్టను.

కొన్నాళ్లకు బావ ఒక ఆసిడ్ రియాక్టరు లెక్క తీసి, ప్రింటు చేత్తో పట్టుకుని నన్ను పిలిచాడు.

"ఏంది బామ్మర్దీ, గోడ గింత పల్చగొచ్చింది? ఆసిడ్ పోసేదానికి గిది ఆగుతదా?"

"కొత్త ప్యాచ్ గదా బావా, లెక్క జెర బారీక్‌గ చేస్తది. నువ్వింక చేతిలెక్కల కాలంలనే ఉన్నవ్."

పక్క టేబుల్ దగ్గరి కోస్తా డిజైనరు నవ్వాడు. "మీ బావగారికి ప్లేటు మందంగా లేకపోతే అన్నం సయించదండీ!"

బావ కూడా నవ్వి, "ముసలమ్మకు చూపిచ్చినవా?" అని అడిగాడు.

"చూపిచ్చిన."

నలుగురి ముందు లేదనడానికి నోరు రాలేదు. బావ ఇంకోసారి ఆ అంకె వైపు చూసి, పెన్ను తీసి సంతకం పెట్టాడు.

ప్లేట్లు వచ్చాయి, కోశారు, వంచారు. అప్పుడు కొనేవాళ్ల తరఫున వచ్చిన ఇన్‌స్పెక్టర్ డ్రాయింగ్ చూసి, ఆసిడ్ తినేసే భాగం ఎక్కడుందని అడిగాడు. ఆసిడ్ ఏళ్ల తరబడి లోపలి గోడను కొంచెం కొంచెంగా అరగదీస్తుంది కనుక మందానికి ఆ మేరకు అదనం కలుపుతాం. ప్యాచ్ ఆ అదనాన్ని చదివే చోటు మార్చింది, పాత పద్ధతిలో రాసిన మా ఫైళ్లలో అది కనబడక సున్నా అనుకుంది. ముసలమ్మకు పెట్టి ఉంటే మొదటి వరసలోనే బయటపడేది. పని ఆగిపోయింది, వంచిన ప్లేట్లన్నీ పెరట్లో పడ్డాయి.

మేనేజరు గదిలోకి బావనూ నన్నూ పిలిచారు. ఆ ఉదయమే నేను సూచనల ఫైలు తెరిచి చదివాను, జరిగింది నాకు తెలుసు.

"ఎవరయ్యా చెక్ చేసింది?" అన్నాడు మేనేజరు.

"నేనే సార్. సంతకం నాదే."

మేనేజరు నా వైపు తిరిగాడు. "కంప్యూటర్ వైపునుంచి ఏమైనా తేడా వచ్చిందా?"

"చూసి చెప్తాను సార్," అన్నాను.

బావ తల తిప్పి నన్ను చూశాడు, అంతే. ఇన్‌ఛార్జి కుర్చీ ఆ కోస్తా డిజైనరుకు వెళ్లింది, బావను స్టోర్స్‌కు మార్చారు. అక్క ఇల్లు వెతకడం మానేసింది, ఎందుకని నన్ను అడగలేదు.

చాలా వారాలు దిగమింగుకుని, ఒక ఆదివారం బావ వాకిట్లో స్కూటర్ తుడుచుకుంటుంటే వెళ్లి చెప్పాను. ఆయన చేతిలో గుడ్డ ఆగలేదు.

"నాకెర్కనే. గా ఇన్‌స్పెక్టర్ అడిగిన దినమే ముసలమ్మ ప్రింట్ దీసి పెట్టి చూస్కున్న."

"మరి సార్‌కెందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? బామ్మర్ది చెప్పిండని సంతకం పెట్టిన అనా? పల్చగుందని నా కన్ను చెప్తనే ఉండె. నా కన్ను ఇడ్శిపెట్టి నీ మాట పట్టుకున్న. నీ తప్పు నువ్వు మోసుకో, నా తప్పు నాకుంది. ఇగ లోపటికి పో, మీ అక్క చాయ్ పెట్టింది."

మర్నాడు మేనేజరు దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఈ మాట ఆ రోజు చెప్పాల్సింది అని, మళ్లీ తన ఫైలు చూసుకున్నాడు. బావ రిటైరయ్యేదాకా స్టోర్స్‌లోనే ఉన్నాడు.

ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు గోదాము అయింది. లెక్కలు ఎక్కడో దూరాన జరుగుతాయి, ప్యాచ్‌లు ఎవరినీ అడక్కుండా వచ్చి కూర్చుంటాయి. పొరపాట్లు మా కాలంకంటే తక్కువేనేమో, నేను కాదనను. కానీ ఒక మనిషి సరిచూశానని చెబితే ఇంకో మనిషి దాన్ని నమ్మి పెన్ను తీసే పద్ధతి ఎక్కడా కనబడదు. అది పోయిందని బాధపడే హక్కు అందరికంటే తక్కువ ఉన్నవాణ్ణి నేనే.

బావా నేనూ ఇప్పటికీ చిట్కుల్‌లోనే, రెండు వీధుల దూరంలో ఉంటాం. పెళ్లి సంబంధమైనా పొలం గట్టు తగాదా అయినా నన్నడగనిదే ఆయన ముందుకు పోడు. ఫోన్‌లో ఏదైనా ఆగిపోతే మాత్రం, నేను ఎదురుగా కూర్చుని ఉన్నా, చెప్పులేసుకుని ఇస్నాపూర్ చౌరస్తాలోని షాపుదాకా నడిచి వెళ్తాడు. మోకాళ్ల నొప్పితో ఆగి ఆగి నడుస్తాడు. ఇలా ఇవ్వు బావా, నేను చూస్తాను అని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అనలేకపోయాను.